సొంత చిరునామాకు పునరాగమనము

ఇరువది యేండ్ల క్రిందట తెలుగులో బ్లాగులు వ్రాసి, అటుపిమ్మట ఫేస్‌బుక్ గోడలమీదికిని, అచ్చటినుండి వాట్సాప్ సమూహములలోనికిని తరలిపోయిన లేఖకులలో కొందరు ఇటీవల మరల సొంత వెబ్‌సైటులలో వ్రాయ నారంభించుచున్నారు. ఇది మన భాషకే పరిమితమైన ధోరణి కాదు. ఆంగ్లమునందు ఇంతకంటె ముందే బయలుదేరినది. దీనిని పాతకాలపు మోజని కొట్టివేయువారు కలరు. స్వాతంత్ర్యసమరమని ఆకాశమున కెత్తువారును కలరు. రెండు మాటలును సగపాలు సత్యములే. కావున బ్లాగరులు ఏల వెడలిపోయిరి, ఏల తిరిగి వచ్చుచున్నారు, సొంతమని వారనుకొనుచున్న దానిలో నిజముగా సొంతమైన దెంత, తిరిగి వచ్చినవారికి చదువరి దొరకునా అను నాలుగు ప్రశ్నలను పరిశీలించిన తరువాతనే ఒక నిర్ణయమునకు వచ్చుట యుక్తము.

వ్యక్తి తన మాటలను తేదీల వరుసలో, క్రొత్తది పైకి వచ్చునట్లు, ఒక పుటయందు పేర్చుకొనుట 1990ల చివరి భాగముననే మొదలైనది. అప్పుడు హెచ్.టి.ఎమ్.ఎల్. నేర్చి, ఫైళ్లను స్వహస్తముతో సర్వరుకు ఎక్కింపవలసి యుండెను. 1999లో పైరా ల్యాబ్స్ వారి బ్లాగర్ ఈ శ్రమను తొలగించినది. లైవ్‌జర్నల్ పుట్టినదియు ఆ సంవత్సరముననే. 2001లో బెన్ ట్రాట్, మీనా ట్రాట్ దంపతులు మూవబుల్ టైపును, 2003 మే నెలలో మ్యాట్ మలెన్‌వెగ్, మైక్ లిటిల్ అనువారు వర్డ్‌ప్రెస్‌ను వెలువరించిరి. ఈ చివరి రెండింటి నడుమ జరిగిన కథ మన ప్రశ్నకు నేరుగా సంబంధించినది. 2004లో మూవబుల్ టైపు మూడవ కూర్పుతో లైసెన్సు నిబంధనలు మారి, పెక్కుమంది సొమ్ము చెల్లింపవలసిన స్థితి రాగా, వాడుకరులు గుంపులుగా వర్డ్‌ప్రెస్‌కు వలసపోయిరి. తమ టపాలు, అనగా బ్లాగు వ్యాసములు, తమ సర్వరుననే యుండుటచేత వారట్లు పోగలిగిరి. వర్డ్‌ప్రెస్ పుట్టుకయు అట్టిదే: మిషెల్ వాల్‌డ్రిగీ వ్రాసిన బీ2 అను సాఫ్ట్‌వేరు నడిమిలో ఆగిపోయినను, దాని కోడు జి.పి.ఎల్. లైసెన్సుతో అందరికిని అందుబాటులో నుండుటచే ఇతరులు దానిని అందుకొని ముందుకు నడపిరి. నచ్చనినాడు మూట గట్టుకొని లేచిపోగల హక్కు ఆనాటి బ్లాగు జీవితమునకు మూలాధారము.

తెలుగున బ్లాగులు వ్యాపించుటకు ఇంకొక కారణము తోడుపడినది: యూనికోడ్. 1991 నాటి తొలి కూర్పునందే తెలుగునకు చోటు దక్కినను, అది సామాన్యుని కంప్యూటరును చేరుటకు పదేండ్లు పట్టినది. అంతవరకు ఒక్కొక్క దినపత్రిక తనకొక ఫాంటును, ఆ ఫాంటుకొక సంకేతక్రమమును కల్పించుకొని యుండుటచేత, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు వార్త అర్థములేని గుర్తుల రాశియై కనిపించెడిది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినది. ఆపై రోమను లిపిలో కొట్టిన దానిని తక్షణమే తెలుగుగా మార్చు లేఖిని వంటి పనిముట్లు వచ్చినవి. 1998లో వెలసిన ఈమాట పత్రిక, 2003 చివర మొదలైన తెలుగు వికీపీడియా చదువరులను కూడగట్టి యుంచినవి. ఈ నేలమీద బ్లాగులు మొలకెత్తగా, వాని నన్నిటిని ఒక్కచోట చూపు కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు వెలసినవి. బ్లాగరి టపా ప్రచురించిన కొంతసేపటికే దాని శీర్షిక కూడలి పుట మొదట కనిపించెడిది. విజయవాడ గృహిణి వ్రాసిన వంట ముచ్చటకు డాలసులోని సాఫ్ట్‌వేరు ఉద్యోగి వ్యాఖ్య పెట్టెడివాడు. ఛందస్సుమీద, మాండలికములమీద, సినిమాలమీద వాదములు దినములకొలది సాగెడివి. నడుమ అజ్ఞాతలు వచ్చి కయ్యములు రేపెడివారు. కాని యిచట మరువరాని సంగతి యొకటి గలదు. ఈ బ్లాగులలో అధికభాగము బ్లాగ్‌స్పాట్ మీదనో వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ మీదనో ఉచితముగా నడచినవే గాని, సొంత డొమైనులో, సొంత హోస్టింగులో నడచినవి మిక్కిలి తక్కువ. కావున మనవారిలో ఎక్కువమందికి నేడు జరుగుచున్నది తిరుగుప్రయాణము కాదు, గృహప్రవేశము.

వెడలిపోయినవారిని అవివేకులనుట తగదు. చేతిలోనికి ఫోను వచ్చినది. ఫోనులో నాలుగు వాక్యములు వ్రాసి పంపుట సుకరము, బ్లాగు డాష్‌బోర్డు తెరచి టపా దిద్దుట దుష్కరము. బ్లాగు చిరునామా ఎన్నిమార్లు చెప్పినను తొంగిచూడని మేనత్తయు, చిన్ననాటి స్నేహితుడును ఫేస్‌బుక్కులో వ్రాసిన వెంటనే లైకు కొట్టిరి. వ్రాసినవానికి చదివిరన్న తృప్తి అన్నము వంటిది. దానిని వెదకికొని పోయినవానిని తప్పు పట్టరాదు. ఇక 2013 జూలై 1న గూగుల్ తన రీడరు సేవను నిలిపివేయుటతో, పలు బ్లాగుల ఫీడులను, అనగా క్రొత్త టపాలను చేరవేయు వరుసలను, ఒక్కచోట చదువుకొను అలవాటు లోకమంతటను దెబ్బతిన్నది. చదువరి రాకపోవుటచే బ్లాగరి మానెను. బ్లాగరి వ్రాయకపోవుటచే సంకలినులు వెలవెలబోయి, కొన్ని మూతపడినవి. సంకలినులు మూతపడుటచే మిగిలిన బ్లాగరికి ఉన్న చదువరియు దూరమయ్యెను.

అట్లు పోయినవారు తిరిగి చూచుకొనుటకు ముఖ్యకారణము, ఆతిథ్య మిచ్చిన వేదికలు ఒక్కొక్కటిగా అంతరించుట. జియోసిటీస్ 2009 అక్టోబరులోను, పోస్టరస్ 2013 ఏప్రిలులోను, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిలులోను మూతపడినవి. 2003 నుండి బ్లాగులను నడపిన టైప్‌ప్యాడ్ 2025 సెప్టెంబరు చివర నిలిచిపోయినది. తెలుగు సాహిత్యచర్చలకు రచ్చబండ వంటి సమూహముల రూపమున నెలవైన యాహూ గ్రూపులలోని పాత సందేశములను ఆ సంస్థ 2019 డిసెంబరులో తొలగించి, మరుసటి డిసెంబరున సేవనే ఎత్తివేసినది. ప్యూ పరిశోధనా కేంద్రము 2024లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, 2013లో ఉన్న వెబ్ పుటలలో నూటికి 38 పదేండ్ల తరువాత లభించుట లేదు. మూతపడని వేదికలలో నష్టము వేరు విధమున జరుగుచున్నది. ఫేస్‌బుక్కులో అయిదేండ్ల క్రిందట వ్రాసిన మంచి వ్యాసమును వ్రాసినవాడే వెదకి పట్టుకొనలేడు. గూగుల్ వెదకులాటకు అది సాధారణముగా చిక్కదు. ఎవరికి చూపవలెనో, ఎంతసేపు చూపవలెనో నిర్ణయించునది రచయితయు కాదు, చదువరియు కాదు. అచ్చట రచన నశింపలేదు. దాని జాడ మాత్రము లేదు.

మనదేశమున జరిగిన రెండు సంగతులు ఈ విషయమును మరింత స్పష్టపరచును. 2006 జూలైలో ముంబాయి రైళ్లలో బాంబులు ప్రేలిన పిమ్మట, కేంద్రప్రభుత్వము కొన్ని వెబ్ పుటలను నిరోధింపుడని ఇంటర్నెట్ సంస్థల నాదేశించినది. జాబితాలోని కొన్ని బ్లాగులను మాత్రము విడదీసి ఆపుటకు మారుగా, సంస్థలు బ్లాగ్‌స్పాట్, జియోసిటీస్ వంటి డొమైనులనే సమూలముగా అడ్డగించినవి; జాబితాతో ఏ సంబంధమును లేని బ్లాగరుల పుటలు కొన్ని దినములపాటు తెరచుకొనలేదు. ఇక రెండవది. 2012లో గూగుల్ భారతదేశపు చదువరులను బ్లాగ్‌స్పాట్ డాట్ కామ్ నుండి బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్‌కు మళ్లింప నారంభించినది. నాటినుండి మన చదువరులు దాచుకొన్న లంకెలు, వ్యాసములలో ఆధారములుగా చేర్చినవి, మిత్రులకు పంపినవి పెక్కు డాట్ ఇన్‌తో ముగిసినవే. 2020లో ఆ పేరు గూగుల్ చేతినుండి జారి అన్యులపాలైనది. టపాలు డాట్ కామ్ చిరునామాయందు పదిలముగనే యున్నవి. పాత లంకె నొక్కినవానికి మాత్రము దొరకవు. లోకములోని మిక్కిలి సంపన్న సంస్థలలో ఒకటి ఒక పేరును నిలుపుకొనలేకపోగా, ఆ పేరును నమ్మి వ్రాసినవారికి చేయదగిన దేమియు లేకపోయెను. ఈ రెండు సందర్భములందును చెక్కు చెదరనివారు సొంత పేరు గలవారు. సర్వరు ఎవరిదన్న ప్రశ్న అచ్చట తలయెత్తనే లేదు.

సర్వరు మాట వచ్చినది గనుక దానిని విచారింతము. స్వయముగా హోస్టు చేసికొనుట అను నొక్క మాట క్రింద నాలుగు భిన్నస్థితులు గలవు. బ్లాగర్ వంటి ఉచితసేవలోనే టపాలనుంచి, దానికి తాను కొన్న డొమైను పేరును తగిలించుకొనుట మొదటిది. హోస్టింగు సంస్థకు ఏటేట చందా కట్టి, పదిమందితో పంచుకొను సర్వరులో వర్డ్‌ప్రెస్ నిలుపుకొనుట రెండవది. నేటికిని ఎక్కువమంది త్రోవ ఇదియే. 2004లో జాన్ గ్రూబర్ ప్రకటించిన మార్క్‌డౌన్ పద్ధతిలో టపాలను సాదా టెక్స్టు ఫైళ్లుగా వ్రాసి, జెకిల్, హ్యూగో వంటి పనిముట్లతో పుటలుగా మార్చి, ఎచ్చటనైన ఉంచుట మూడవది. అద్దెకు దొరకు వర్చువల్ సర్వరునో, ఇంటిలోని రాస్ప్‌బెరీ పై వంటి చిన్న కంప్యూటరునో తానే పాలించుట నాల్గవది. ఈ నాల్గవదే సంపూర్ణస్వాధీనమని ఉత్సాహవంతుల నమ్మకము. కాని ఇంటి కనెక్షనుకు పెక్కు సంస్థలు ప్రత్యేకమైన ఐ.పి. చిరునామా నీయక, ఒకే చిరునామాను అనేక గృహములకు పంచుచున్నవి, కరెంటు పోవును, రౌటరు మొరాయించును, ఊరికి పోయినప్పుడు చూచువారుండరు. సర్వరుల పాలనయే వేడుకగా గలవానికి ఇది మంచి విద్య. వ్రాయుట ముఖ్యమైనవానికి ఇది వ్రాయకుండుటకు మరియొక నెపము. టపాలు వ్రాయుటకని కూర్చుండి, నెలకొక క్రొత్త థీము మార్చుచు, వ్యవస్థను దిద్దుచు, రెండు టపాలతో ఆగిపోయిన సైటులు ఎన్నియో గలవు.

తెలుగు బ్లాగరికి మాత్రమే ఎదురగు చిక్కులు కొన్ని కలవు. వానిని సమీపమునుండి చూడవలెను. 2007కు ముందు సొంతముగా నెలకొల్పిన వర్డ్‌ప్రెస్ సైటుల డేటాబేసులు సాధారణముగా లాటిన్ సంకేతక్రమమున సృష్టింపబడినవి. మై ఎస్‌క్యూఎల్ నకు అదియే అప్పటి అలవాటు, 2018లో ఎనిమిదవ కూర్పు వచ్చువరకు అట్లే యుండెను. లోపల దాగినది తెలుగే యైనను, క్రొత్త సర్వరుకు మార్చునప్పుడు జాగ్రత్త పడనిచో ఒక్కొక్క తెలుగు సంకేతము మూడు ముక్కలై, తలపై గీత గల లాటిన్ ఎ, దాని ప్రక్కన డిగ్రీ గుర్తు వంటిది, ఆపై మరియొక వింత గుర్తు, ఈ విధముగా తెర నిండిపోవును. తెలుగు అను మాటలో గుణింతములతో కలిపి ఆరు సంకేతము లున్నవి. అవి పదునెనిమిది గుర్తులగును. పాత టపాలు నాశనమైనవని నిరాశపడి సైటును చెరిపివేసినవారు తొందరపడినట్లే, ఏలయన బైట్లన్నియు అచ్చటనే యుండును, సరియైన క్రమమున చదివించిన మరల తెలుగు వచ్చును. రెండవ చిక్కు లంకెలది. తెలుగు శీర్షికతో టపా పెట్టినప్పుడు చిరునామాలోని ఒక్కొక్క తెలుగు సంకేతము శాతపు గుర్తులతో కూడిన తొమ్మిది అక్షరములుగా మారును. వర్డ్‌ప్రెస్ ఈ భాగమునకు 200 అక్షరముల హద్దు పెట్టినది. అనగా ఇరువదిరెండు సంకేతములు నిండగనే శీర్షిక తెగును, చివరి మాట ఒత్తో గుణింతమో కోలుపోయి నిలుచును. ఆ లంకెను వాట్సాపులో పంపినచో అది చిరునామావలె గాక శాతపు గుర్తుల వరుసవలె కనిపించి, చూచినవాడు దానిని నొక్కుటకు జంకును. అందుచేత అనుభవజ్ఞులు శీర్షికను తెలుగున నుంచి, లంకెను మాత్రము పొట్టి రోమను మాటలతో వ్రాయుదురు.

ఖర్చు భరింపరానిది కాదు. డాట్ కామ్ పేరునకు ఏటా సుమారు వేయి రూపాయలు, సామాన్యమైన హోస్టింగునకు కొన్ని వేలు. ఒకప్పుడు విడిగా కొనవలసిన భద్రతా సర్టిఫికెట్టును లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 చివరినుండి ఉచితముగా నిచ్చుచున్నది. భారమైనది శ్రమ. వర్డ్‌ప్రెస్ నిలిపినవాడు దానిని, దాని ప్లగిన్లను నిత్యము అప్‌డేట్ చేయవలెను. పాతబడిన ప్లగిను దొంగలకు దారి. పాస్‌వర్డును ఊహించి చూచు యంత్రములు రేయింబవళ్లు తట్టుచునే యుండును. వ్యాఖ్యల పెట్టెను తెరచి యుంచిన మందుల అమ్మకము, జూదము, అప్పుల ప్రకటనలు వచ్చి పడును. 2023 తరువాత భాషానమూనాలకు పాఠము కూర్చు సంస్థల క్రాలరులు చిన్న సైటులను పదేపదే తవ్విపోయుట క్రొత్త బెడద. వానిని వారింప 1994 నాటి రోబోట్స్ ఫైలు ఉన్నది గాని, దానిని మన్నించుట వచ్చినవాని ఇష్టము. ఈ శ్రమనుండి చాలవరకు కాపాడునది పైన చెప్పిన నాలుగింటిలో మూడవ పద్ధతి: అచ్చట డేటాబేసు లేదు, లాగిన్ లేదు, చెడుటకు యంత్రభాగము తక్కువ. టపాలు సాదా ఫైళ్లు గనుక పెన్‌డ్రైవులోనికి ఎక్కించుకొనుటయు, ఒక సంస్థ నచ్చనిచో మరియొక సంస్థకు పోవుటయు గంట పని.

ఇక చదువరి ప్రశ్న. ఇది కడు జటిలమైనది. పునరాగమనమును కీర్తించువారు దీనిని తరచుగా దాటవేయుదురు. సొంత సైటులో వ్రాసిన మొదటి నెలలలో చదువువారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమందియే. ఫేస్‌బుక్కులో లంకె పెట్టిన టపా అంతగా పైకి రాదని వాడుకరుల చిరకాలపు ఫిర్యాదు. గూగుల్ సమాధానమును తానే పైన చూపుచుండగా లంకె నొక్కువారు తగ్గిరన్నది సైటులవారి ఇటీవలి గోడు. దీనికి విరుగుడుగా 2011లో అమెరికాలోని పోర్ట్‌లాండు నగరమున మొదలైన ఇండీవెబ్ ఉద్యమమువారు ఒక నియమము చెప్పిరి: మొదట సొంత సైటులో ప్రచురించి, తరువాత దాని ప్రతులను ఇతర వేదికలకు పంపవలెను. ఒక సైటునుండి మరియొక సైటుకు లంకె వేసినప్పుడు ఆ సంగతి తెలియజేయు వెబ్‌మెన్షన్ పద్ధతిని వెబ్ ప్రమాణముల సంస్థ 2017లోను, మాస్టడాన్ వంటి సామాజిక వేదికలు వాడు యాక్టివిటీపబ్‌ను 2018లోను ఆమోదించినది. 1999లో పుట్టిన ఆర్.ఎస్.ఎస్. ఫీడు చావలేదు, పాడ్‌కాస్టులు నేటికిని దానిమీదనే నడచుచున్నవి. సాధనములకు కొరత లేదు. కొరత పొరుగునకు.

ఈ మాటను ఒక పాత ఉదాహరణముతో కొంత విస్తరింపవలెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధని పత్రిక నారంభించి, అనతికాలముననే రాజమహేంద్రవరమున సొంత ముద్రాక్షరశాల నేర్పరచుకొనిరి. ఆయన స్వేచ్ఛకు అది అవసరమే. కాని వివేకవర్ధనికి జీవము పోసినది ముద్రాయంత్ర మొక్కటియే కాదు; ఎదుట కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి ఆంధ్రభాషాసంజీవని నిలిచి ఎదురు వాదించుటయు, దానికి బదులుగా హాస్యసంజీవని పుట్టుటయు, ఇరుపక్షములను చదువువారుండుటయు కూడ. బ్లాగులును అట్లే. 2006 నాటి తెలుగు బ్లాగరికి సర్వరు సొంతము కాదు, పేరు సొంతము కాదు, ఐనను బ్లాగు సజీవమై యుండెను. ఏలయన అతని టపాకు ఇంకొకడు తన బ్లాగులో టపాతో బదులిచ్చెడివాడు, సంకలిని ఆ యిద్దరిని ప్రక్కప్రక్కన చూపెడిది. నేడు తిరిగి వచ్చు బ్లాగరి సర్వరును, పేరును సంపాదించుకొని, ఆ పొరుగును మరచుచున్నాడు. చక్కని సైటు నిలిపి, తన రచనలకు తప్ప మరెవరి రచనకును ఒక్క లంకెయైన వేయనివాడు ఫేస్‌బుక్కును నిందించుటలో అర్థము లేదు.

ప్రతిపక్షము మాటయు వినవలెను. సొంత సైటునకు ఆయువు ఎక్కువ యన్నది ఎల్లప్పుడును నిజము కాదు. డొమైను పేరు కొనుగోలు కాదు, కౌలు. డాట్ కామ్ పేరును ఒక్కమారుగా పదేండ్లకు మించి తీసికొనుటకు వీలులేదు. రచయిత మరణించిన తరువాత కార్డు గడువు తీరును, గుర్తుచేయు ఈమెయిలు తెరచువారు లేక పేరు రద్దగును, కొన్ని వారములలో ఎవడో దానిని కొని జూదపు ప్రకటనలు పెట్టును. అదే సమయమున ఉచిత బ్లాగ్‌స్పాట్ పుట యజమాని పోయినను తరచుగా అట్లే నిలిచి యుండును. గతించిన తెలుగు బ్లాగరుల టపాలు నేటికిని చదువ వీలగుచున్నది ఉచితసేవలవలననే. ఇంకొకటి: వేదికమీద వ్రాసినవానికి వచ్చు చట్టపు నోటీసులో కొంత వేదికయు పంచుకొనును, సొంత సైటులో వచ్చిన వ్యాఖ్యకు సైతము మొదట సంజాయిషీ చెప్పుకొనవలసినవాడు యజమానియే. అభ్యంతరకరమైన ఇంటర్నెట్ వ్రాతలకు శిక్ష విధించిన, సమాచార సాంకేతిక చట్టములోని 66ఎ సెక్షనును సుప్రీంకోర్టు 2015లో కొట్టివేసినను పరువునష్టపు చట్టము ఎచ్చటికిని పోలేదు. ఈ ఆక్షేపణలకు సమాధానము లేకపోలేదు. ఇంటర్నెట్ ఆర్కైవువారి వేబ్యాక్ యంత్రమున టపాలను ముందుగనే భద్రపరచుట, డొమైను తాళములను కుటుంబములో ఒకరికి అప్పగించుట, వ్యాఖ్యలను చూచిన తరువాతనే ప్రచురించుట సాధ్యములే. ఐనను వానిని చేయువారు అరుదు. చేయనిచో ఆక్షేపణ నిలుచును.

ఈ యన్నిటిని త్రాసున నిడి చూడగా తేలునది ఇది. తిరిగి రాదలచినవాడు మొదట పేరు కొనవలెను. ఉచితసేవలోనే వ్రాయుచున్నను ఆ పేరు తగిలించుకొన్ననాడే సగము స్వాతంత్ర్యము వచ్చును. రెండవది, టపాలన్నింటి ప్రతిని ఏ సాఫ్ట్‌వేరు లేకున్నను చదువదగిన సాదా రూపమున తనవద్ద నుంచుకొనవలెను. మూడవది, ఫీడు నడపి, ఇతరుల ఫీడులను చదివి, వారికి లంకె వేసి, వారి వాదమునకు తన పుటలో సమాధానము వ్రాయవలెను. సర్వరును స్వయముగా పాలించుట వీని తరువాతి మాట. చేతనైనవాడు చేయవచ్చును, చేతకానివాడు మానినను లోపము లేదు. ఈ మూడింటిలో మొదటి రెండును వ్యక్తి ఒక్కడుగా చేసికొనగల పనులు గనుకనే అందరును వానిని గూర్చియే మాటలాడుచున్నారు. మూడవది కొందరు కలిసి చేయవలసినది. తెలుగు బ్లాగులకు లోపించినది ఆ కలయికయే గాని సాంకేతికవిద్య కాదు. వందమంది విడివిడిగా తమ సైటులను అలంకరించుకొనుటకంటె, పదిమంది ఒకరి నొకరు చదువుకొనుచు, ఆ పదింటిని చూపు సంకలినిని ఒకటి నిలుపుకొనుట మేలు. దానికగు వ్యయము ఒక డొమైను పేరు, అల్పమైన హోస్టింగు, దినమున కొక అరగంట. ఆ అరగంట ఇచ్చువాడు దొరకినచో ఈ పునరాగమనము నిలుచును. దొరకనిచో వచ్చినవారు వచ్చిన త్రోవనే ఫేస్‌బుక్కుకు పోవుదురు, ఆ పోకకు వారిని నిందించుటకు మనకు హక్కుండదు.